రెక్క మీద రెక్క

తెర మీద గోడంత ఈగ. తల కిందికి, తోక పైకి పెట్టి గడ్డి కాడను పట్టుకుని ఉంది. రెక్కల నిండా వల అల్లినట్టు గీతలు. ఆ వల మధ్యలో ఒక నల్ల మచ్చ.

పళ్ళ డాక్టరు ఆ మచ్చ మీద కర్ర ఆనించాడు. ప్రకృతి సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఊళ్ళో సగం నోళ్ళు ఆయన చూసినవే. ఆయన తెరవమంటే జనం నోరు తెరిచారు, మూయమంటే మూశారు. మధ్యలో మాట్లాడే వీలు ఎవరికీ లేదు. అందుకే కాదనే మాట ఆయన చెవులకు అలవాటు కాలేదు.

"మన పుస్తకానికి అట్ట మీద బొమ్మ ఇదే," అన్నాడు. "మన చిత్తడి నేలలో దొరికిన ఈగ. ఈ చుట్టుపక్కల ఇంతవరకు ఎవరి కంటా పడని ఈగ. ఆ మచ్చ చూడండి. ఈ రకంలో మచ్చ ఉన్నది ఒక్కటే. దాని పేరు అట్ట మీదే వేస్తున్నాం. ఇక పుస్తకం ఎవరికి అంకితమో నేను చెప్పక్కర్లేదు."

అందరూ మూడో వరుస వైపు తిరిగారు. అక్కడ డ్రైవరు కూర్చున్నాడు. బస్సు నడపడం మానేసి చాలా కాలమైనా సంఘంలో అందరికీ ఆయన డ్రైవరు గారే. పక్క కుర్చీలో ఆయన గొడుగు ఉంది. ఆ కుర్చీ ఆయన భార్యది. ఆవిడ పోయాక కూడా దాన్ని ఎవరికీ వదల్లేదు. ఎవరైనా అడిగితే, "గొడుగు కనబడటం లేదా?" అంటాడు.

చప్పట్లు కొట్టారు. డ్రైవరు లేచాడు. కృతజ్ఞతలు చెబుతాడనుకుని చప్పట్లు ఆపారు.

"ఆ పేరు వద్దు," అన్నాడు.

"అంటే?"

"ఆ ఫొటోలో ఆ పేరు లేదు. ఇంటిపేరు దాకా ఉంది. అంతవరకే వేసుకోండి."

సంఘంలో ఈగల లెక్క అలాగే ఉండేది. ఒకే పోలిక ఉన్న ఈగలన్నిటికీ కలిపి ఇంటిపేరు. అందులో ఒక్కో రకానికి దాని సొంత పేరు. ఇంటిపేరు అనే మాట పెట్టింది డ్రైవరు భార్యే. పిల్లలకు చెప్పడానికి అన్నది పెద్దవాళ్ళకూ అలవాటైంది.

"చూడండి డ్రైవరు గారూ," డాక్టరు నవ్వాడు. పన్ను పీకే ముందు నవ్వే నవ్వు. "ఆవిడ జ్ఞాపకార్థం కదా చేస్తున్నాం. మీరే అడ్డం పడితే ఎలా?"

"ఆవిడ ఇంటిపేరు దాకానే రాసింది. ఆవిడ జ్ఞాపకార్థం ఆవిడ రాసింది కొట్టేస్తారా?"

వెనక నుంచి పిట్టలాయన అందుకున్నాడు. ఆయనకు పిట్టలు తప్ప మరో ప్రాణి పట్టదు. "అందుకే నేను ఈగల జోలికి పోను బాబూ. పిట్టయితే తన పేరు తానే అరిచి చెప్పుకుంటుంది."

నవ్వారు. డాక్టరూ నవ్వాడు. "మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళండీ!"

"నేను పట్టిన ఈగకి ఎన్ని కాళ్ళో ఫొటోలో కనబడటం లేదు. అదే చెబుతున్నా."

ఈసారి నవ్వింది పిట్టలాయన ఒక్కడే. డ్రైవరు గొడుగు తీసుకుని మెట్లు దిగాడు. సంఘం గది గ్రంథాలయం పైన ఉంది. కింద పేపరు చదువుకునే ముసలివాళ్ళు తలెత్తి చూసి, మళ్ళీ పేపర్లలో తలలు దూర్చారు.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఆవిడ బతికి ఉండగా ఈ సంఘంలో ఆవిడ కళ్ళు ఎవరికీ కనపడలేదు. సీతాకోకచిలుకల వాళ్ళకు ముందు వరుస, పిట్టల వాళ్ళకు ముందు వరుస. ఈగలావిడకూ, ఆవిడ మొగుడికీ మూడోది. "ఈగలు తోలుకునే జంట వచ్చింది," అని అనేవారు. మెల్లగా అనేవారు కానీ వినపడేలాగే అనేవారు. ఆవిడ నవ్వేది. ఆయన నవ్వలేదు. అన్నవాళ్ళ మొహాలు ఒక్కటీ మరిచిపోలేదు.

ఆవిడ ఆసుపత్రి ల్యాబులో పనిచేసింది. రోజంతా సూక్ష్మదర్శినిలో రక్తం చుక్కలు చూడటం, చూసింది కాగితం మీద రాయడం. పైనున్న వాళ్ళు తొందరపెట్టేవాళ్ళు. "ఫలానా అని రాసెయ్యమ్మా, లక్షణాలన్నీ అవేగా," అనేవాళ్ళు. "లక్షణాలు మీరు చూశారు, మీరు రాసుకోండి. చుక్క నేను చూశాను. చుక్కలో లేదు," అనేది. అదే చూపుతో ఈగల మీద పడింది.

చిత్తడి ఈగలు గొప్ప అందగత్తెలేం కాదు. ఎండుగడ్డి రంగు. ముందుకు పొడుచుకొచ్చిన మీసాలు. పిల్లదశలో నత్తల్ని తిని బతుకుతాయి. అది తెలిసిన రోజు ఆవిడ మురిసిపోయింది. "ఇంత మెత్తని పురుగు, అంత గట్టి గుల్లలోకి దూరి తింటుందట చూడండి," అంది. ఆ తర్వాత సెలవు దొరికితే చాలు ఇద్దరూ చిత్తడి గట్టు మీద. ఆయన ఫొటో తీసేవాడు. బస్సు పట్టిన చేతులు కాబట్టి కదిలేవి కావు. ఇంటికొచ్చి ఆవిడ పేరు వెతికేది. మొహం ఏ రంగు, కాలి మీద ముళ్ళెన్ని, మీసం మూడో కణుపు పొడుగా పొట్టా. అన్నీ కనబడితే పేరు. కొన్ని కనబడితే ఇంటిపేరు. అసలే కనబడకపోతే "ఈగ" అని రాసి వదిలేసేది. కొన్ని రకాలకు మగ ఈగను చంపి, తోక కొసను అద్దం కింద పెడితే తప్ప పేరు తేలదు. ఆ పని ఆవిడ చెయ్యలేదు. "పేరు కోసం ప్రాణం తియ్యను. తెలియకపోతే తెలియదు. చిన్నతనమా?" అనేది.

తెర మీది ఫొటో ఆవిడ చివరిసారి గట్టు మీదికి వచ్చినప్పటిది. మడత కుర్చీలో కూర్చుని ఉంది. జుట్టు రాలిపోయి తలకు గుడ్డ కట్టుకుంది. ఈగను ఆవిడే చూసి వేలు చూపించింది. ఆయన ఒక్క ఫొటో తీశాడో లేదో అది ఎగిరిపోయింది. ఆవిడ కెమెరా తెరను దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మొహం రాలేదు. కాళ్ళు గడ్డి చాటున ఉన్నాయి. రెక్క మీద రెక్క పడి ఉంది," అంది. "ఇంటిపేరు దాకా రాస్తాను."

"ఆ మచ్చ ఉందిగా. ఎవరూ చూడనిదేమో. పెట్టెయ్యరాదూ పేరు?"

"నా కోసం ఈగ పేరు మార్చుకుంటుందా?" అంది ఆవిడ.

అంతే. తర్వాత గట్టు మీదికి ఆయన ఒక్కడే వెళ్ళాడు.

సంఘంలో గొడవ అయిన కొద్ది రోజులకు డ్రైవరు ఫోనులో, ఆవిడ ఆ ఫొటో పెట్టిన సైటు తెరిచాడు. జనం ఫొటోలు పెట్టి పేర్లు పంచుకునే చోటు అది. ఎవరి ఫొటోకైనా ఎవరైనా పేరు చెప్పవచ్చు. పెట్టినవాళ్ళూ, మిగతావాళ్ళూ ఎక్కువమంది ఒప్పుకుంటే పేరు పక్కన పచ్చ గుర్తు పడుతుంది. ఇక ఆ పేరే ఖాయం.

పచ్చ గుర్తు పడి ఉంది.

పళ్ళ డాక్టరు పెట్టిన పేరు. కింద సంఘం వాళ్ళ వరుస. పిట్టలాయన కూడా ఉన్నాడు. పిట్టలు తప్ప మరేదీ పట్టనివాడు ఈగకు సాక్షి సంతకం పెట్టాడు. ఆ వరుసలో అన్నిటికంటే చివర చిన్న గుండ్రటి బొమ్మ. తలకు గుడ్డ కట్టుకోక ముందు, గట్టు మీద నవ్వుతున్న ఆవిడ. బొమ్మ పక్కన: "నేను ఒప్పుకుంటున్నాను."

డ్రైవరు ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. లేచి మంచినీళ్ళు తాగాడు. చెప్పులు వేసుకున్నాడు. ఆవిడ ఫోను ఎవరి దగ్గర ఉందో ఆయనకు తెలుసు.

కూతురి మందుల షాపు బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఉంది. పొద్దున్నే బేరాలు. జలుబు మందుకు ఒకామె, మోకాలి పట్టీకి ఒకాయన. డ్రైవరు పక్కన నిలబడి అందరినీ పోనిచ్చాడు.

"ఏంటి నాన్నా, బీపీ మాత్రలు అయిపోయాయా?"

"చచ్చిపోయిన మనిషి చేత ఒప్పించావు. ఇంకెవరిచేత ఏం ఒప్పిస్తావో చూద్దామని వచ్చా."

కూతురు చేతిలోని అట్టపెట్టె కింద పెట్టింది. బుకాయించలేదు. ఆ గుణం తల్లిది.

"అవును, నేనే నొక్కాను. డాక్టరు గారు అడిగారు. అమ్మ పేరు మీద ఉన్న ఫొటో, అమ్మ వైపు నుంచి ఒక్కరు ఒప్పుకుంటే చాలన్నారు. అయితే ఏంటి?"

"అమ్మ ఒప్పుకోలేదు."

"అమ్మ లేదు నాన్నా!" గొంతు పెరిగింది. మళ్ళీ తగ్గించుకుంది. "జన్మంతా ఆ ల్యాబులో కూర్చుంది. ఎక్కడైనా ఆమె పేరుందా? ఒక గోడ మీద? ఒక కాగితం మీద? ఇప్పుడొక పుస్తకం వస్తోంది. లోపల మొదటి పేజీలో అమ్మ పేరు, అట్ట మీద అమ్మ చూసిన ఈగ. నీకు ఎక్కడ నొప్పి?"

"మచ్చ దగ్గర."

"ఈగ రెక్క మీద మచ్చ! గోరంతది కూడా కాదు. ఆ పేరు తప్పయితే మాత్రం ఎవరు చచ్చిపోతారు నాన్నా?"

అనేసి ఆగిపోయింది.

ఆవిడకు నొప్పి మొదలైనప్పుడు స్కాను బొమ్మ చూసి ఒకాయన ధీమాగా పేరు పెట్టాడు. ముక్క తీసి పరీక్షకు పంపుదామా అని ఆవిడే అడిగింది. "ఇంత స్పష్టంగా కనబడుతుంటే ముక్కెందుకమ్మా?" అన్నాడు. ఆ పేరుకు మందులు వేశారు. రోగానిది వేరే పేరు. అది తెలిసేసరికి మందులు పనిచేసే కాలం దాటిపోయింది. పేరు పెట్టినాయన తర్వాత కనబడినప్పుడు తల తిప్పుకున్నాడు. ఆయన ఇప్పటికీ ధీమాగానే ఉన్నాడు. డ్రైవరు ఇప్పటికీ క్షమించలేదు. క్షమించే ఉద్దేశమూ లేదు.

కూతురు కౌంటరు అద్దం తుడవసాగింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"కట్టు కట్టే గాజుగుడ్డ ఉందా?" అన్నాడు డ్రైవరు.

"ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదు. ఇవ్వు."

ఆమె ఒక చుట్ట తీసి ఇచ్చింది. ఆయన రెండు ముక్కలు కత్తిరించాడు. ఒకటి కౌంటరు అద్దం మీద పరిచాడు. కింద లైటు వెలుగుతోంది. పల్చటి గుడ్డ, చిన్న చిన్న గళ్ళు, అంతటా ఒకటే తెలుపు. రెండో ముక్కను దాని మీద కొంచెం ఏటవాలుగా వేశాడు. గళ్ళ మీద గళ్ళు పడ్డాయి. గుడ్డ మధ్యలో ఒక నల్లటి నీడ లేచింది.

"మచ్చ," అన్నాడు. పై గుడ్డను వేలితో జరిపాడు. మచ్చ పక్కకు పాకింది. ఇంకా జరిపాడు. పోయింది. మళ్ళీ జరిపాడు. వచ్చింది.

"ఏ గుడ్డది ఆ మచ్చ? పై దానిదా, కింది దానిదా?"

కూతురు వంగి గుడ్డను దగ్గరగా చూసింది.

"ఈ ఈగ కూర్చుంటే రెక్క మీద రెక్క వేసుకుంటుంది. రెండు వలలూ కలిసి ఒక్క వలలా కనబడతాయి. నిజంగానే మచ్చ ఉండొచ్చు. డాక్టరు చెప్పిందే నిజం కావచ్చు. కాదని నేను అనడం లేదు. ఫొటోలో తెలియదంటున్నా. మీ అమ్మ అన్నదీ అదే."

"అమ్మ నీకు ఇలా చూపించిందా, గుడ్డతో?"

"కిటికీ తెరతో. పాత ఇంట్లో. నువ్వు బడికి పోయేదానివి."

దగ్గు మందు చీటీ పట్టుకుని ఒక ముసలాయన వచ్చాడు. కూతురు చీటీ అందుకుని వెలుగులో పెట్టి చూసింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"మొదటి మాట తెలుస్తోంది తాతగారూ, రెండోది తెలియడం లేదు. ఇదే పేరుతో రెండు మూడు రకాలున్నాయి. మీ డాక్టరు గారినే అడిగి రండి."

"అదే అయి ఉంటుందిలేమ్మా, ఇచ్చెయ్యి. నడవలేను."

"అయి ఉంటే ఇవ్వను తాతా. కూర్చోండి, నేనే ఫోన్ చేసి కనుక్కుంటా."

ముసలాయన సణుగుతూ బల్ల మీద కూర్చున్నాడు. కూతురు ఫోను తీస్తూ తండ్రి మొహం చూసింది. డ్రైవరు గాజుగుడ్డ ముక్కలు మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు.

"ఏం చూస్తున్నావు? వెళ్ళు నాన్నా, బేరాల వేళ," అంది విసుగ్గా.

ఆయన వెళ్ళాడు. గుడ్డ చుట్టకు డబ్బులు కౌంటరు మీద పెట్టి మరీ వెళ్ళాడు. దాంతో కూతురికి ఇంకా ఒళ్ళు మండింది.

మధ్యాహ్నానికి ఆవిడ బొమ్మ పక్కన మాట మారిపోయింది. "ఇంటిపేరు దాకానే. ఇంతకు మించి ఫొటోలో లేదు." ఆవిడ మొదట రాసిన మాటే, అక్షరం మారకుండా. కింద డ్రైవరు తన పేరుతో అదే మాట కలిపాడు. ఎందుకో పిట్టలాయన కూడా తన ఒప్పుకోలు తీసేసుకున్నాడు. పచ్చ గుర్తు పోయింది.

సాయంత్రానికల్లా డాక్టరు తన క్లినిక్కుకు రమ్మని కబురు పెట్టాడు. పళ్ళ కుర్చీ ఖాళీగా ఉంది. మరో కుర్చీ లేదు. డ్రైవరు నిలబడే ఉన్నాడు.

"మీ ఆవిడ మీద గౌరవంతో చేశానండీ," డాక్టరు చేతి తొడుగులు విప్పుతూ అన్నాడు. ఈసారి నవ్వలేదు. "నాకు అవసరమా చెప్పండి? నిజమే, ఆ రోజుల్లో ఆవిడను మేమెవరం పట్టించుకోలేదు. సరిదిద్దుకుందామనుకున్నా."

"ఈగతో సరిదిద్దుకుంటారా?"

"మీకు మనుషులు వంగితే చాలదు, విరగాలి." డాక్టరు తొడుగులు చెత్తబుట్టలో పడేశాడు. "సరే, సూటిగా చెబుతా. కొత్త ఈగ దొరికిందని అట్ట మీద ఈగ వేస్తున్నాం, ఆ ఈగ చూసినావిడకు పుస్తకం అంకితమిస్తున్నాం. పేరు లేని ఈగను అట్ట మీద ఎవరు వేస్తారు? అట్ట పోతే అంకితానికి అర్థం లేదు. కమిటీ మాట అది. మీరు ఊ అంటే రెండూ ఉంటాయి. ఊహూ అంటే తూనీగ ఫొటో సిద్ధంగా ఉంది. ఆలోచించుకోండి. మీ అమ్మాయిని కూడా అడగండి."

డ్రైవరు జేబులో గాజుగుడ్డ వేళ్ళకు తగిలింది. మొదటి పేజీలో ఆవిడ పేరు ఎలా ఉంటుందో ఆయన ఊహించుకోకుండా లేడు. చాలాసార్లు ఊహించుకున్నాడు. అచ్చు అక్షరాల్లో, పేజీ మధ్యలో, చుట్టూ తెలుపు. ఆ పేరు కింద అబద్ధం ఉన్నా ఊళ్ళో ఎవరూ పోల్చలేరు. పోల్చగలిగిన ఒక్క మనిషీ లేదు.

"తూనీగ బాగుంటుంది," అన్నాడు. "రెక్కలు చాచి కూర్చుంటుంది. దాని పేరు తప్పు చెప్పడం మీవల్ల కూడా కాదు."

"సంఘం నుంచి పేరు తీసేయాల్సి వస్తుంది."

"తీసెయ్యండి. నేను మాత్రం వస్తూనే ఉంటా. గ్రంథాలయం మెట్లు మీ నాన్న కట్టించినవి కాదు."

పుస్తకం తూనీగతో వచ్చింది. అంకితం పేజీలో "ప్రకృతి ప్రేమికులందరికీ" అని ఉంది. అందరికీ అంటే ఎవరికీ కాదు. కూతురు ఆ పేజీ చూసి ఏడ్చింది. తండ్రి ముందే ఏడ్చింది. "తృప్తిగా ఉందా?" అని అడిగింది.

"ఉంది," అన్నాడు.

అబద్ధమో నిజమో ఆమెకు తెలియలేదు. ఆయన మొహంలో అది ఎప్పుడూ కనబడదు. ఆమె ఆ మొహం వైపు చూసి ముక్కు తుడుచుకుంది.

పుస్తకం వచ్చాక జరిగిన మొదటి సమావేశానికి డ్రైవరు యథాప్రకారం వెళ్ళాడు. పేరు తీసేసిన మాట నిజమే. కుర్చీలు తీసెయ్యలేదు. మూడో వరుసలో కూర్చుని గొడుగు పక్కన పెట్టాడు. ఎవరూ పలకరించలేదు. పిట్టలాయన మాత్రం దూరం నుంచి కనుబొమ్మలు ఎగరేశాడు.

కొత్తగా చేరిన టీచరమ్మ ఒకావిడ తెర మీద ఫొటో పెట్టింది. చిత్తడి గట్టు మీదిదే. ఎండుగడ్డి రంగు, ముందుకు పొడుచుకొచ్చిన మీసాలు. రెక్క మీద రెక్క.

"ఇది తెలిసిందేనమ్మా," అన్నాడు డాక్టరు. కర్ర ఎత్తి రెక్క మీది ఒక గీతను చూపించాడు, పేరు చెప్పాడు. టీచరమ్మ సంతోషంగా రాసుకోబోయింది.

డ్రైవరు చెయ్యి ఎత్తబోయాడు. గదిలో మూలుగులు అప్పుడే మొదలయ్యాయి. "మళ్ళీ వచ్చాడ్రా బాబూ," అన్నారెవరో. ఈసారి మెల్లగా కూడా అనలేదు.

ఆయన చెయ్యి ఇంకా పైకి లేవలేదు. గుమ్మం దగ్గర నుంచి ఒక గొంతు వినపడింది. షాపు మూసి పరుగెత్తుకొచ్చినట్టుంది, ఇంకా రొప్పుతోంది.

"డాక్టరు గారూ, ఆ గీత ఏ రెక్కదండీ? పైదా, కిందిదా?"

డాక్టరు కర్ర గాల్లోనే ఆగింది. టీచరమ్మ కలం పట్టుకుని, రాయాలో వద్దో తెలియక అటూ ఇటూ చూసింది.

డ్రైవరు వెనక్కి తిరగలేదు. పక్క కుర్చీలోని గొడుగు తీసి కింద పెట్టాడు.